ముద్రణ ఆగిన పాత రోల్‌ప్లేయింగ్ గేమ్ పుస్తకం: ఎక్కడ దొరుకుతుంది, ఎంతవరకు వాడుకోవచ్చు

తమ్ముడూ, మీ ప్రశ్న చదివాను. మీరు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్న ఐదుగురు. మీ మేనమామ అమెరికా నుంచి తెచ్చిన స్టార్ వార్స్ రోల్‌ప్లేయింగ్ గేమ్ పుస్తకం మీ దగ్గర ఉంది. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రై డైస్ వేస్తూ ఆడే ఆట అది. ఆ పుస్తకాన్ని వెస్ట్ ఎండ్ గేమ్స్ అనే కంపెనీ 1987లో వేసింది. చివర్లో కొన్ని పేజీలు ఊడిపోయాయి. కొత్త కాపీ ఎక్కడ దొరుకుతుంది, గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్ దింపుకోవచ్చా, ఉన్నదాన్ని జిరాక్స్ తీయించి తలా ఒకటి పెట్టుకోవచ్చా, దాన్నే తెలుగులో రాసి 200 రూపాయలకు అమ్మొచ్చా అని అడిగారు. "ఎప్పుడో ఆగిపోయిన పుస్తకం కదా అన్నా, ఇంకా ఎవరికి హక్కుంటుంది" అని కూడా అన్నారు.

నేను నల్లగొండలో పుస్తకాల ప్రచురణ పని చేస్తాను. అనుమతుల ఉత్తరాలు రాయడం, ఒప్పందాలు చూడడం నా రోజువారీ పని. ఆదివారాలు ఈ ఆటలు ఆడిస్తాను. అందుకే కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు చివరి మాటకే జవాబు. ముద్రణ ఆగడం వేరు, హక్కు పోవడం వేరు. కంపెనీ మూతబడినా, పుస్తకం అంగట్లో దొరకకపోయినా, కాపీరైట్ గడువు దాని లెక్క ప్రకారం నడుస్తూనే ఉంటుంది. మన దేశంలో రచయిత బతికున్నంత కాలం, ఆయన పోయిన తర్వాత 60 ఏళ్లు. అమెరికాలో ఉద్యోగులతో కంపెనీ రాయించుకున్న పుస్తకమైతే ప్రచురణ నుంచి 95 ఏళ్లు. అలా చూస్తే 1987 పుస్తకం 2082 చివరి దాకా ఆగాలి. మన పాలమూరు వైపు ఉదాహరణే కావాలంటే సురవరం ప్రతాపరెడ్డి గారు ఉన్నారు. ఆయన 1953లో పోయారు. ఆయన రచనల మీద హక్కు 2013తో ముగిసింది. ఇప్పుడు ఎవరైనా వాటిని అచ్చు వేయొచ్చు, అమ్మొచ్చు. మీ పుస్తకానికి ఆ రోజు రావాలంటే మీకు ముసలితనం వచ్చేస్తుంది.

కాబట్టి "ఎందుకు దొరకడం లేదు" అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. కారణాన్ని బట్టి దారి మారుతుంది. కారణం తెలియాలంటే పుస్తకంలో మొదటి పేజీ వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న నాలుగు వాక్యాలు చదవండి. మీ పుస్తకంలో అక్కడ రెండు పేర్లుంటాయి. ఒకటి లూకాస్‌ఫిల్మ్. సినిమా పేరు, పాత్రలు, ఓడలు, గ్రహాలు అన్నీ వాళ్లవి. రెండోది వెస్ట్ ఎండ్ గేమ్స్. లూకాస్‌ఫిల్మ్ అనుమతితో ఆ పేర్లు వాడుకుంటున్నామని అక్కడే రాసి ఉంటుంది. ఆ "అనుమతితో" దగ్గరే మీ చిక్కు మొత్తం ఉంది.

మన పొలాల లెక్కలో చెప్పాలంటే లూకాస్‌ఫిల్మ్ పట్టాదారు, వెస్ట్ ఎండ్ కౌలుదారు. గడువు అయిపోయాక పాత కౌలుదారు ఆ పొలంలో పంట వేయలేడు. పట్టాదారు పొలాన్ని ఇంకొకరికి ఇస్తాడు. కొత్తగా వచ్చినవాడు తన పంట వేసుకుంటాడు కానీ పాతాయన వేసిన పంటే మళ్లీ వేయాలని ఎందుకు అనుకుంటాడు? సరిగ్గా ఇదే జరిగింది. వెస్ట్ ఎండ్ 1998లో దివాలా తీసింది. కొన్నాళ్లకు స్టార్ వార్స్ లైసెన్సు విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ చేతికి వచ్చింది, 2010 దాకా వాళ్లు తమ సొంత నియమాలతో పుస్తకాలు వేశారు. ఆ తర్వాత ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ తీసుకుంది. వాళ్లు ప్రత్యేకమైన గుర్తులున్న డైస్‌తో ఇంకో ఆట తయారుచేశారు. ఇప్పుడు ఆ పుస్తకాలు ఎడ్జ్ స్టూడియో దగ్గరున్నాయి. మూడు ఆటలూ ఒకే సినిమా మీదే, కానీ ఒకదాని నియమాలు ఇంకోదానికి పనికిరావు. మీ పుస్తకాన్ని పీడీఎఫ్‌గా అధికారికంగా ఎవరూ, ఎప్పుడూ అమ్మలేదు. కాబట్టి ఎంత వెతికినా కొనే లింకు దొరకదు.

అయితే మీ అదృష్టం ఒకటుంది. ఫాంటసీ ఫ్లైట్ 2018లో ఆ 1987 పుస్తకాన్ని, దానికి తోడుగా ఆ లోకపు వివరాలతో వచ్చిన సోర్స్‌బుక్‌ని కలిపి ముప్పై ఏళ్ల ప్రత్యేక ప్రతిగా గట్టి అట్టతో మళ్లీ వేసింది. వెతకాల్సింది దాన్ని. అది కూడా ఇప్పుడు ముద్రణలో లేదు కానీ 1987 ప్రతి కన్నా మంచి స్థితిలో, పాత పుస్తకాల అమ్మకందార్ల దగ్గర కనిపిస్తుంటుంది. వాడిన పుస్తకం కొనడం, అమ్మడం పూర్తిగా చట్టబద్ధం. ఒకసారి చలామణిలోకి వచ్చిన ప్రతిని చేతులు మార్చుకోవడానికి మన చట్టంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బయటి దేశం నుంచి తెప్పించేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. 2020 నుంచి కొత్త కార్డులకు అది ఆఫ్‌లోనే వస్తోంది, "పేమెంట్ ఫెయిల్ అయింది" అని టెన్షన్ పడేవాళ్లలో చాలామంది సమస్య అదే. రెండోది కస్టమ్స్. అచ్చు పుస్తకాల మీద 2019 నుంచి 5 శాతం సుంకం ఉంది. పుస్తకమొక్కటే అయితే కొద్దిపాటితో పోతుంది. డైస్, బొమ్మలు కలిపిన పెట్టె అయితే దాన్ని ఆట వస్తువుగా లెక్కగట్టి ఎక్కువ వేస్తారు. అందుకే పుస్తకం విడిగా తెప్పించుకుని, డైస్ ఇక్కడే కొనుక్కోండి. ఈ ఆటకు కావాల్సింది మామూలు ఆరు ముఖాల డైసే, కిరాణా కొట్టులో దొరికే లూడో డైస్ చాలు. అన్నిటికన్నా బరువు కొరియర్ చార్జీదే. అమెరికాలో ఉన్న బంధువుల ఇంటికి తెప్పించి, వాళ్లు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టమనడం మన జిల్లాల్లో చాలామందికి వీలయ్యే పని. మీ మేనమామకే ఫోన్ చేయండి. హైదరాబాద్ వెళ్లే పని పడితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా ఒక చూపు వేయండి. ఇలాంటివి అరుదే కానీ పాత అమెరికన్ పుస్తకాల కట్టల్లో వస్తుంటాయి.

లైసెన్సు పోయి ఆగిన ఆటలు ఇదొక్కటే కాదు. ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ 1984లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ లోకం మీద తెచ్చిన ఆట ఎంతో పేరు తెచ్చుకుంది. 1999లో లైసెన్సు పోయింది, అది అక్కడితో సరి. మార్వెల్ హీరోల మీద 2012లో మార్గరెట్ వైస్ ప్రొడక్షన్స్ తెచ్చిన ఆట మరీ ఘోరం, 2013లోనే లైసెన్సు ముగిసి పీడీఎఫ్‌లు కూడా అమ్మకం నుంచి తీసేశారు. టీఎస్ఆర్ కంపెనీ 1984లో ఇండియానా జోన్స్ మీద వేసిన ఆటైతే, లైసెన్సు ముగిశాక అమ్ముడుపోని ప్రతులను నాశనం చేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్ ఆఫీసులో కాలగా మిగిలిన ముక్కను పారదర్శకమైన పిరమిడ్‌లో పెట్టారు. దాని మీద పేరులో మొదటి అక్షరాలు కాలిపోయి, "డయానా జోన్స్" అని మాత్రమే కనిపిస్తుంది. ఆ మిగిలిన అక్షరాలతోనే 2001 నుంచి డయానా జోన్స్ అవార్డు ఇస్తున్నారు. ఈ రంగంలో గౌరవంగా చూసే అవార్డు, దాని జ్ఞాపిక కాలిన పుస్తకం. అరువు తెచ్చుకున్న లోకం మీద కట్టిన ఆటకు ఎంత ప్రమాదమో ఆ ఒక్క వస్తువు చూస్తే తెలుస్తుంది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉండేవి సొంత లోకంతో పుట్టిన ఆటలు. ట్రావెలర్ అనే అంతరిక్షపు ఆట 1977లో వచ్చింది. దాన్ని వేసిన జీడీడబ్ల్యూ కంపెనీ 1996లో మూతపడింది. కానీ హక్కులు దాన్ని తయారుచేసిన మార్క్ మిల్లర్ గారి చేతికి తిరిగి వచ్చాయి. దాంతో పాత పుస్తకాలన్నీ సీడీల మీద, పీడీఎఫ్‌లుగా అమ్మారు, కొత్త కూర్పులూ వచ్చాయి. 1978 నాటి రూన్‌క్వెస్ట్ మధ్యలో చాలా చేతులు మారి, చివరికి మొదట వేసిన కేయోసియం కంపెనీ గూటికే చేరింది. 2015లో పాత రెండో కూర్పును మళ్లీ అచ్చు వేయడానికి అభిమానులు డబ్బు వేసుకున్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట పాత పుస్తకాల మీద కూడా హక్కు విజార్డ్స్ ఒక్కరిదే కాబట్టి, చాలావరకు డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీ, డీఎంస్ గిల్డ్ సైట్లలో పీడీఎఫ్‌గా దొరుకుతాయి. కొన్నిటికి అడిగిన ఒక్క ప్రతినీ అచ్చు వేసి పంపే వీలుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పీడీఎఫ్ కొన్న రోజే దింపుకుని, ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోండి. 2009 ఏప్రిల్‌లో విజార్డ్స్ వాళ్లు పైరసీ కారణం చూపి తమ పీడీఎఫ్‌లన్నీ ఒక్కసారిగా అమ్మకం నుంచి తీసేశారు. మళ్లీ 2013 జనవరిలో గానీ పెట్టలేదు. ఆ మధ్యలో పాత పుస్తకం కావాల్సినవాళ్లకు న్యాయమైన దారే లేకుండా పోయింది. సైటు అకౌంట్‌లో ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు.

ఇక గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్ గురించి. అది హక్కుదారు అనుమతి లేని కాపీ, అందులో మొహమాటపడి చెప్పడానికి ఏమీ లేదు. "ఎవరూ అమ్మడం లేదు కాబట్టి వదిలేసినట్టే" అనే వాదన వింటుంటాను, వదిలేసిన పుస్తకం అనే కోవ మన చట్టంలోనూ లేదు, వాళ్ల చట్టంలోనూ లేదు. మన దగ్గర హక్కు వదులుకోవాలంటే రచయిత 21వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. ఊరుకున్నంత మాత్రాన వదులుకున్నట్టు కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి పెద్ద సంస్థే పుస్తకాలు స్కాన్ చేసి అరువిచ్చినందుకు అమెరికాలో ప్రచురణకర్తలతో కేసు ఓడిపోయింది. 2023లో ఒకసారి, 2024లో అప్పీలులో ఇంకోసారి. మీలాంటి విద్యార్థుల ఇంటికి ఎవరో అమెరికా నుంచి నోటీసు పంపుతారని నేను భయపెట్టడం లేదు. కానీ రేపు మీరు సొంత పుస్తకం తెస్తామంటున్నారు. అలాంటివాళ్లు ఈ అలవాటుతో మొదలుపెట్టడం నాకు నచ్చదు.

జిరాక్స్ విషయం అంత నలుపు తెలుపుగా ఉండదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చని ఉంది. మీ దగ్గరున్న పుస్తకంలో ఊడిన పేజీలను ఇంకో స్నేహితుడి ప్రతి నుంచి జిరాక్స్ తీసి అతికించుకోవడం దాంట్లోకి హాయిగా వస్తుందని నా అభిప్రాయం. ఆడేటప్పుడు చేతిలో ఉండాల్సిన పట్టికలు, పాత్ర వివరాలు రాసుకునే కాగితం (క్యారెక్టర్ షీట్) కాపీ తీసుకోవడం కూడా అంతే. పుస్తకం మొత్తం ఐదు సెట్లు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకుంటే అది న్యాయమైన మేర దాటినట్టే. అయినా ఈ ఆటకు అందరి దగ్గరా పుస్తకం అక్కర్లేదు. ఆడించేవాళ్ల దగ్గర ఒకటి, మిగతావాళ్ల దగ్గర ఒక్కో షీటు ఉంటే సరిపోతుంది.

చాలామందికి తెలియని దారి ఇంకోటి ఉంది. అదే సెక్షన్ ప్రకారం, మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన వాడకం కోసం మూడు ప్రతులకు మించకుండా కాపీ తీయించుకోవచ్చు. తన దగ్గరున్న అచ్చు ప్రతిని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో నిల్వ చేసుకోవచ్చని 2012 సవరణలో చేర్చారు. మీ మేనమామ ఒప్పుకుంటే పేజీలు సరిచేసుకున్నాక ఆ పుస్తకాన్ని జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఇవ్వడం గురించి ఆలోచించండి. లైబ్రేరియన్ గారికి సెక్షన్ చూపించి కాగితం మీద అడగండి. పాలమూరులో ఎవరు కావాలన్నా అక్కడ కూర్చుని చదువుకుంటారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్నకు వస్తాను. తెలుగులో రాయడం. "ఆ పుస్తకాన్నే తెలుగు చేసి" అంటే అది అనువాదం, అనువాద హక్కు మూల హక్కుదారుదే. అమ్మినా, ఊరికే పంచినా అనుమతి కావాలి. పైగా మీ విషయంలో సినిమా పేరు, ట్రేడ్‌మార్కులు కూడా అడ్డం. అది వద్దు.

కానీ ఆట ఆడే పద్ధతి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. రాసిన వాక్యాలకు, బొమ్మలకు, కథకు, పాత్రలకు రక్షణ ఉంటుంది. "ఇన్ని డైస్ వేసి, మొత్తం ఇంతకు మించితే గెలిచినట్టు" అన్న ఆలోచనకు ఉండదు. మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో ఆలోచనకు కాదు, దాన్ని వ్యక్తపరిచిన తీరుకే రక్షణ అని తేల్చి చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు 1879 నాటి బేకర్, సెల్డెన్ కేసులో ఒక లెక్కల పద్ధతి గురించి ఇదే మాట అంది. పచ్చీసు, పులి-మేక ఆటలను ఎవరి అనుమతీ అడగకుండా గుడి మెట్ల మీద గీసుకుని ఆడుకున్నాం కదా, పద్ధతి అందరిదీ.

చేసి చూపిస్తాను. మీ పుస్తకంలో ఒక పాత్రకు ఒక శక్తి "మూడు డైస్" అని ఉంటే, మూడు వేసి కూడి, ఆట నడిపించే గేమ్ మాస్టర్ అనుకున్న సంఖ్యతో పోలుస్తారు. ఆ వివరణను చూసి వాక్యం తర్వాత వాక్యం తెలుగు చేయొద్దు. పుస్తకం మూసేసి, మీ ఊరి పిల్లవాడికి చెప్తున్నట్టు మీరే రాయండి: "రామక్క రాచకొండ కోట గోడ ఎక్కాలి. ఆమె చురుకు మూడు. మూడు డైస్ వేయండి. 4, 6, 2 పడ్డాయి, మొత్తం 12. గోడ కష్టం 11 అయితే ఎక్కేసింది. వాన పడి రాయి జారుతోంది, కష్టం 15 అనుకుంటే జారి కింద పడింది." ఇది మీ రచన. ఇక సంఖ్యలు మీరే లెక్కగట్టుకోవచ్చు. మూడు డైస్ మీద 11 గానీ అంతకు మించి గానీ రావడానికి సరిగ్గా సగం అవకాశం. 12 అయితే 37.5 శాతం. 15 కావాలంటే 216 రకాల్లో 20 మాత్రమే, అంటే సుమారు 9 శాతం. మామూలు పనికి 11, కష్టమైన పనికి 15 అని ఎందుకు పెట్టాలో ఈ లెక్కే చెప్తుంది. గణితం మీద ఎవరికీ హక్కు లేదు. శక్తుల పేర్లు మాత్రం మార్చండి. ఆ పుస్తకంలోని ఆరు పేర్లను అదే వరుసలో తెలుగు చేసి దించకుండా బలం, చురుకు, చూపు, చేతిపని, మాట ఇలా మీ కథకు కావాల్సినవి పెట్టుకోండి.

ఇంకా తేలికైన దారి కూడా ఉంది. వెస్ట్ ఎండ్ ఆరు ముఖాల డైస్ పద్ధతిని ఆ తర్వాతి యజమాని ఓపెన్ డీ6 పేరుతో, షరతులు పాటిస్తే ఎవరైనా వాడుకోవచ్చనే ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేశారు. డీ6 స్పేస్, డీ6 ఫాంటసీ, డీ6 అడ్వెంచర్ అనే మూడు పుస్తకాలు డ్రైవ్‌త్రూలో ఉచితంగా దింపుకోవచ్చు. మీ స్టార్ వార్స్ పుస్తకంలో ఉన్న ఎముకల గూడు అదే, సినిమా పేర్లు మాత్రం ఉండవు. లైసెన్స్ షరతులు, దాని పూర్తి పాఠం మీ పుస్తకంలో వేయాలన్న షరతుతో సహా పాటిస్తే, తెలుగు చేసి అమ్ముకోవచ్చు కూడా. మీ స్థానంలో నేనుంటే ఈ వారమే డీ6 స్పేస్ దింపుకుని, ఊడిన పేజీల గురించి బెంగ మానేసి ఆట మొదలుపెడతాను.

ఓపెన్ గేమ్ లైసెన్స్ గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. దాన్ని 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో కూర్పుతో తెచ్చారు. పాత కూర్పుల నియమాలను కొత్త మాటల్లో తిరగరాసిన ఆటలు దాని వల్లే పుట్టాయి. 2006లో ఓస్రిక్, 2007లో లాబిరింత్ లార్డ్, 2019లో ఓల్డ్-స్కూల్ ఎసెన్షియల్స్. పాత పుస్తకం దొరకనివాళ్లకు ఇవి పెద్ద ఆసరా. 2023 జనవరిలో ఆ లైసెన్సును మార్చబోతున్నారని బయటికి పొక్కి పెద్ద గొడవ అయింది. చివరికి కంపెనీ వెనక్కి తగ్గి ఐదో కూర్పు ప్రాథమిక నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద విడుదల చేసింది. దాన్ని మళ్లీ వెనక్కి తీసుకోవడం కుదరదు. పేరు చెప్పి, ఏం మార్చారో చెప్తే తెలుగులోకి అనువదించి అమ్ముకోవడానికి కూడా వీలుంది. చిన్నదే కావాలంటే కెయిర్న్ అనే ఆట చూడండి. ఉచితం, అదీ క్రియేటివ్ కామన్సే. మూలం పేరు చెప్పి, మీరు చేసే తెలుగు ప్రతిని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి, అంతే షరతు. చాలా భాషల్లోకి వెళ్లింది. ఆట నేర్చుకునే పిల్లలకు నేను ముందు దాంతోనే ఆడిస్తాను.

లోకం విషయంలో మనకు కరువు లేదు. పద్మనాయకులు ఏలిన రాచకొండ, దేవరకొండ కోటలున్నాయి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా కదలకుండా నిలిచే నీడ ఉంది, అంతకన్నా మంచి రహస్యం ఏ గేమ్ మాస్టరుకు కావాలి? కోయిలకొండ, ఖిల్లా ఘణపురం, గద్వాల కోట, నల్లమల అడవి, కృష్ణ దాటే రేవులు. ఎవరి లైసెన్సూ ముగిసిపోని లోకం ఇది. ఒక్క మనవి. నల్లమల రాసేటప్పుడు చెంచులను దారికడ్డం వచ్చే శత్రువుల స్థానంలో పెట్టకండి. అమెరికా పాత ఆటల్లో "అడవి మనుషుల" గురించి రాసిన తీరును మనం ఇక్కడికి దించుకోవాల్సిన పని లేదు. ఆ అడవి వాళ్లది, దారి తెలిసినవాళ్లు వాళ్లు, మీ కథలో కూడా అలాగే ఉండనివ్వండి.

ఇదంతా విన్నాక కూడా ఏదైనా పాత ఆటను యథాతథంగా తెలుగు చేయాలనే ఉంటే, ముందు హక్కుదారుకు ఉత్తరం రాయండి. అర పేజీ చాలు. ఏ పుస్తకం, ఏ కూర్పు, ఏ భాష, ఎన్ని ప్రతులు, ధర ఎంత, ఎంత కాలానికి, ఎంత రాయల్టీ ఇవ్వగలరు అన్నవి ఉండాలి. అభిమానం గురించి పేజీలు రాస్తే చదవరు, 300 ప్రతులు అని అంకె రాస్తే చదువుతారు. సొంత లోకమున్న చిన్న కంపెనీలు, ఒక్కరే నడిపేవాళ్లు బాగా స్పందిస్తారు. సినిమా కంపెనీల నుంచి జవాబు ఆశించొద్దు.

హక్కుదారు దొరక్కపోయినా, కాదన్నా మన చట్టంలో దారులున్నాయి. పుస్తకం వచ్చిన ఏడేళ్ల తర్వాత ఎవరైనా అనువాద లైసెన్సు కోసం 32వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. అనుమతి అడిగి కాదనిపించుకున్నట్టో, ఎంత వెతికినా యజమాని దొరకనట్టో రుజువు చూపాలి. దొరకనప్పుడు పుస్తకం మీదున్న ప్రచురణకర్త చిరునామాకు రిజిస్టర్డ్ ఎయిర్‌మెయిల్ పంపి రెండు నెలలు ఆగాలి. రచయిత ఎవరో, ఎక్కడో తెలియని పుస్తకాలకు 31ఎ సెక్షన్ ఉంది. ఇంతకుముందు ఇవి అప్పిలేట్ బోర్డుకు వెళ్లేవి. 2021లో బోర్డు రద్దయ్యాక కోర్టుకే వెళ్లాలి. వకీలు ఫీజు, తిరుగుడు లెక్కేస్తే 200 రూపాయల పుస్తకానికి గిట్టదు. ఒక ప్రచురణ సంస్థ పూనుకుంటే మాట వేరు.

మీ సొంత ఆట అచ్చు వేసేటప్పుడు ఒప్పందం విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. మా ప్రాంతంలో ఒక పిల్లల కథల పుస్తకం విషయంలో చూశాను. ప్రచురణకర్త దుకాణం మూసేశాడు, ఒప్పందం ఎక్కడుందో తెలియదు, రచయిత పోయారు, ముగ్గురు వారసుల్లో ఒకరు సంతకం పెట్టరు. మంచి పుస్తకం, ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు, ఒక్క ప్రతి లేదు. చట్టం కొంత సాయం చేస్తుంది. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలి, హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడకపోతే, వేరేగా రాసుకోకపోతే, అది రద్దయినట్టే. 19వ సెక్షన్ చదవండి. అయినా సరే, "ఏడాది పాటు పుస్తకం అమ్మకానికి లేకపోతే హక్కులన్నీ రచయితలకు తిరిగి వస్తాయి" అని ఒక్క వాక్యం స్పష్టంగా రాయించుకోండి. మీరు ఐదుగురు కలిసి రాస్తున్నారు కాబట్టి ఎవరు సంతకం పెడితే చెల్లుతుందో మీలో మీరు ఇప్పుడే, స్నేహం బాగున్నప్పుడే కాగితం మీద పెట్టుకోండి. బొమ్మలు వేసేవాళ్ల దగ్గర కూడా మళ్లీ ముద్రణకు, డిజిటల్ ప్రతికి, ఇతర భాషలకు అనుమతి విడివిడిగా రాయించుకోండి. చాలా పాత ఆటలు తిరిగి రాకపోవడానికి అడ్డం పడేది బొమ్మల హక్కులే.

ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, రాజా రామ్‌మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. అచ్చయ్యాక 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక ప్రతి, ఇంకో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి. చిన్న ప్రచురణకర్తలు దీన్ని పట్టించుకోరు, మీరు తప్పకుండా పంపండి. పోస్టు ఖర్చు మీదే, నాలుగు ప్రతులకు పెద్దగా ఏమీ కాదు. ఇంకో రెండు ప్రతులు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లా గ్రంథాలయాలకు ఇచ్చి రసీదు తీసుకోండి. ఈలోపు మీ పాత పుస్తకం మొదటి పేజీ వెనక వైపు ఫొటో తీసి నాకు పంపితే, అది మొదటి ముద్రణో తర్వాతదో, ఊడిన పేజీలు ఏవో చూసి చెప్తాను.